యోహాను కుడి భుజం

మొన్నొకసారి నరసరావుపేటలో రైలెక్కిన ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. ఊరు, పేరు, పిల్లలు అన్నీ అడిగి, చివరికి నేను చేసిన ఉద్యోగం దగ్గరికి వచ్చింది. డాక్టరునని చెప్పాను. ఏ జబ్బుకని అడిగింది. చేతులూ కాళ్లూ కండ కరిగి ఎండిపోయే జబ్బొకటుంది, జీవితమంతా దాని మీదే పరిశోధన చేశానన్నాను.

"దానికి మందుందా నాయనా?"

"లేదమ్మా."

"మరి ఇన్నేళ్లూ నువ్వేం జేసినట్టు?"

చూశానని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఒళ్లోని బుట్టలోంచి ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. రిటైరయ్యాక నాకు జరిగిన సన్మానం అదొక్కటే.

నరాల వైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నా అనుభవాలు రాయమని పాత శిష్యుడొకడు వెంటపడుతున్నాడు. ప్రమోషన్ల సంగతి రాయను. అవి నాకంటే ముందు నా జూనియర్లకు వచ్చాయి, కావాలంటే వాళ్లే రాసుకుంటారు. జబ్బు సంగతి మాత్రం రెండు ముక్కల్లో చెప్పాలి. దాని పేరు మోటార్ న్యూరాన్ వ్యాధి. మెదడులోనూ వెన్నులోనూ ఉండి కండరాలను కదిలించే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేతులో కాళ్లో ముందు సన్నబడతాయి, తర్వాత గొంతు పడిపోతుంది. నొప్పి ఉండదు. చాలామందిలో బుద్ధి చివరిదాకా చెక్కు చెదరదు. ఎందుకొస్తుందో తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన రోజున పుస్తకంలో ఇదే ఉంది, రిటైరైన రోజునా ఇంచుమించు ఇదే ఉంది. మధ్యకాలమంతా నేను జీతం తీసుకున్నాను.

ముందు చొక్కా విప్పించాలి

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను గుంటూరులో ఒక పెద్ద డాక్టరు గారి కింద చేరాను. ఆయనకు నశ్యం అలవాటు, కోపం అంతకంటే పెద్ద అలవాటు. మంచి మనిషని చెప్పలేను. కింది వాళ్లు రాసిన వ్యాసాల మీద తన పేరు ముందు వేసుకునేవాడు. నా వ్యాసాల మీద మాత్రం వేసుకోలేదు. ఒకసారి వాటిని చదివితే మీకే అర్థమవుతుంది.

కానీ చూడటం నేర్పింది ఆయనే. రోగి రాగానే నేను సుత్తి తీసి మోకాళ్ల మీద కొట్టబోతే, చేతులు వెనక్కి కట్టుకోమని కసిరేవాడు. రోగికి చొక్కా విప్పించి, కిటికీ పక్కన, ఏటవాలుగా వెలుతురు పడేచోట కూర్చోబెట్టేవాడు. ఇక అందరం నోరు మూసుకుని ఆ మనిషి భుజం వంక చూస్తూ నిలబడాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కొంతసేపటికి చర్మం కింద కండ తనంతట తాను అదరడం కనిపించేది, పాలు పొంగబోయే ముందు మీగడ కింద కదిలినట్టు. రోగి కదపడం లేదు, ఆపమన్నా ఆపలేడు. చచ్చిపోతున్న నరకణం కండకు పంపే పొల్లు కబురు అది. అదురు ఒక్కటే ఉంటే ఏమీ కాదు, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది. అదురుతో పాటు కండ కరిగిపోతుంటేనే భయపడాలి.

ఆ ముక్క నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఒకరోజు నా కుడి పిక్క అదరడం మొదలుపెట్టేసరికి చదివిందంతా ఎగిరిపోయింది. గదికి తలుపేసుకుని అద్దం నేల మీద పెట్టి పిక్క చూసుకునేవాణ్ణి. మడమల మీద నడిచేవాణ్ణి, మునివేళ్ల మీద నడిచేవాణ్ణి. కింది వాటాలో ఉన్న ఇంటాయన నేను నాట్యం నేర్చుకుంటున్నానని ఊరంతా చెప్పాడు. ఆఖరికి సిగ్గు విడిచి పెద్ద డాక్టరు గారి ముందు ప్యాంటు పైకి మడిచాను. ఆయన చూసి, ఒక పట్టు నశ్యం పీల్చి, కాఫీ తగ్గించమన్నాడు. తగ్గించాను. పిక్క అదురుతూనే ఉంది. నా మరణం ఎలా ఉంటుందో మనసులో వ్యాసం రాసుకుంటూ తిరుగుతున్న ఆ రోజుల్లోనే యోహాను వచ్చాడు.

నాలుక్కి శకునం లేదు

యోహానుది ఈపూరు దాటాక వినుకొండ వైపున్న ఒక చిన్న ఊరు. నలభై ఏళ్లు దాటని మనిషి. రెండెకరాల మెట్ట చేను, ఇద్దరు ఆడపిల్లలు, భార్య మరియమ్మ. గునపం పట్టు జారిపోతోందని మరియమ్మే బలవంతాన గుంటూరు తీసుకొచ్చింది. ఆయనకైతే రావడం ఇష్టం లేదు. చేలో బావి తవ్వుతున్నాడు, ఒక్క రోజు పని ఆగినా ప్రాణం ఒప్పదు.

చొక్కా విప్పించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కుడి భుజం అదిరే తీరు చూస్తే, అప్పటిదాకా నేను చూసినవన్నీ దీని ముందు దిగదుడుపు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట పల్లం పడింది. నేను చూస్తున్నది ఏమిటో ఆయన గమనించాడు. గమనించి సంతోషపడ్డాడు.

"మీక్కూడా కనపడిందా అయ్యా! నిరుడు పునాస పంటప్పుడు మొదలైంది. రాత్రీ పగలూ ఆగదు. కుడి భుజం. మొగోడికి కుడి భుజం అదిరితే ఏందో మీకు తెలవదా?"

తెలియకేం? మగవాడికి కుడివైపు అదిరితే శుభమని మా ఇంట్లో అందరూ అనేవారు. పంచాంగాల వెనక కూడా ఉంటుంది. ఒక్క పూట అదిరితేనే ఏదో మంచి జరగాలి కదా, ఏడాదిగా ఆగకుండా అదిరితే ఎంత జరగాలి? యోహాను లెక్క అది. ఆ అదురు చూసుకునే నీటి చుక్క తగలని బండ నేలలో బావికి దిగాడు. పాస్టరు గారు శకునాలు నమ్మకూడదని చీవాట్లు పెట్టాడట. "నేను కిరస్తానోణ్ణే, భుజం కూడా కిరస్తానీ అవుద్దా?" అని యోహాను జవాబు.

నాలుక చాపమన్నాను. నాలుక మీద కూడా సన్నగా అదురుంది. అంటే జబ్బు గొంతు దాకా వస్తోంది. నాలుక కూడా అదురుతోందయ్యా అన్నాను, ఏమంటాడో చూద్దామని. ఆయన కొంచెం ఆలోచించాడు.

"నాలుక్కి శకునం లేదయ్యా. నేనెప్పుడూ వినలా."

ఇంతలో నా పిక్క అదిరింది. అలవాటు కొద్దీ వంగి రుద్దుకున్నాను. ఏందయ్యా అన్నాడు. నేను నిజం చెప్పాను. ఏ పక్క అని అడిగాడు. కుడి అన్నాను. "మరింకేంది, అట్టా దిగులుమొకం ఏస్తారేంది!" అని నన్నే ఓదార్చాడు. ఆ నెలలోనే నాకు పెళ్లి కుదిరింది. అది శుభమో కాదో ఇక్కడ రాయను, రాసిందంతా ముందు మా ఆవిడే చదువుతుంది.

వాళ్లు వెళ్తున్నప్పుడు మరియమ్మ ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చింది.

"అది మంచి అదురు గాదని మీ మొకం జూస్తే తెలిసింది. ఆయనకు చెప్పమాకండయ్యా. నీళ్లు పడిందాకా చెప్పమాకండి."

ఎందుకని అడిగాను. ఊళ్లో ప్రతి బావిలోనూ యోహాను దిగి తవ్వాడట. ఒకరి పనికి ఒకరు బదులు వెళ్లడం అక్కడి అలవాటు, ఇప్పుడు వాళ్లంతా ఆయనకు బదులు వస్తున్నారు. ఆయన ధైర్యంగా గట్టు మీద నిలబడినన్నాళ్లే ఆ రాక. సంగతి తెలిసి ఆయన దిగులుతో మంచం ఎక్కితే, మరియమ్మ ముఖం చూసి ఎవరూ గునపం పట్టరు. బావి ఉంటే ఆయన పోయినా ఆడపిల్లలతో బతకగలదు, లేకపోతే చేను అమ్ముకుని కూలికి పోవాలి. ఇదంతా ఆవిడ ఏడవకుండా చెప్పింది. నేనే ముక్కు చీదుకున్నాను. నీళ్లు పడేదాకా చెప్పనని మాటిచ్చాను.

సీసాల డాక్టరు

రోగి మీద జాలిపడి ఊరుకుంటే బాగుండేది. నేను పరిశోధకుణ్ణి కదా, ఊరుకోలేను. అంతకుముందు వినుకొండ వైపు నుంచే ఇలాంటి రోగి ఇంకొకడు వచ్చాడు. ఒకే దిక్కు నుంచి ఇద్దరు రోగులు వస్తే చాలు, కుర్ర డాక్టరుకు సిద్ధాంతం పుట్టుకొస్తుంది. పల్నాటి బావినీళ్లలోని ఏదో లోహం నరాలను చంపుతోందని నాకు తోచింది. పేరు ఖాయం అనుకున్నాను. పెద్ద డాక్టరు గారు విని, ఆ నీళ్లు తాగే మిగతా జనమంతా ఎందుకు బాగున్నారని అడిగాడు. ఆయనకు నా మీద అసూయ అని తేల్చుకున్నాను.

గాజు సీసాలు సంచిలో వేసుకుని బస్సులో ఆ ఊళ్లన్నీ తిరిగాను. ప్రతి బావి దగ్గరా సీసా నింపడం, చీటీ అంటించడం. బస్సు కండక్టరు నాకు సీసాల డాక్టరని పేరు పెట్టాడు. ఎందుకని అడిగిన ప్రతివాడికీ, బావినీళ్లలో చేతులు ఎండిపోయే గుణం ఉందేమో చూస్తున్నామని విద్వత్తు ఉట్టిపడేలా చెప్పాను. యోహాను ఊళ్లో కూడా అదే చెప్పాను.

తర్వాత మళ్లీ వెళ్లేసరికి యోహాను బావి దగ్గర తవ్వేవాడు ఒక్కడూ లేడు. గునపాలు, తట్టలు గట్టు మీద పడి ఉన్నాయి. యోహాను ఒక్కడే నులకమంచం మీద కూర్చుని బావి వంక చూస్తున్నాడు. చేతులు తొడల మీద ఊరికే పడి ఉన్నాయి. మాట అప్పటికే కొంచెం ముద్దగా వస్తోంది. ఏమైందని మరియమ్మను అడిగితే, నా వంక చూసి, "బావినీళ్లకు చేతులు ఎండిపోతయ్యని మీరే గదయ్యా చెప్పింది" అంది.

ఆవిడ కేకలేసినా బాగుండేది.

సీసాల్లోని నీళ్లలో నరాలను చంపే లోహం ఏదీ లేదని పరీక్షల్లో అప్పటికే తేలింది. కుళ్లిన ఆకులు, ఒక దాంట్లో చిన్న చేపపిల్ల, అంతే. ఆ సంగతి ఊరికి చెప్పాలి. పాస్టరు గారిని బతిమాలుకుని ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. రసాయనశాస్త్రం మొత్తం చెప్పాను. అందరూ ఎంతో ఓపికగా విన్నారు, ఒక్క ముక్క నమ్మలేదు. వెనక నుంచి ఒకావిడ, నీళ్లు మంచివైతే సీసాల్లో పట్టుకుపోవడం ఎందుకని అడిగింది.

అప్పుడు కోటయ్య లేచాడు. యోహాను పొలం పక్క పొలం ఆయనది, యోహానును బావా అంటాడు, తవ్వే వాళ్లందరికీ ముందుండి దిగేది ఆయనే.

"చదువుకున్నోళ్ల మాటలు మాకెందుకులే అయ్యా. నీళ్లు పడిన్నాడు మొదటి చెంబు మీరు తాగాల. మేమందరం చూస్తుండగా తాగాల. దానికి ఒప్పుకుంటే రేపే దిగుతాం."

వెంటనే ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ బండలో నీళ్లు పడవనే ధైర్యం నాది.

నా సుత్తి

ఆ తర్వాత వీలైనప్పుడల్లా వెళ్లేవాణ్ణి. పైకి రోగిని చూడటానికని చెప్పేవాణ్ణి, మనసంతా బావి మీదే. తూటాలు పేల్చి, పగిలిన రాయిని తట్టలతో పైకి లాగేవాళ్లు. డ్యాము కడుతున్నారు, కాలవ వస్తుందంటున్నారు కదా, ఇంత కష్టం ఎందుకని దారిన పోయేవాళ్లు అడిగేవాళ్లు. కాలవ వచ్చిందాకా నా పిల్లలు రాళ్లు తింటారా అని యోహాను మంచం మీద నుంచే ముద్దమాటలతో తిట్టేవాడు. ఆ తిట్లకు మరియమ్మ పక్కన నిలబడి అర్థం చెప్పేది.

నేను లేనప్పుడు అక్కడొక పద్ధతి పుట్టింది. రోజూ దిగబోయే ముందు కోటయ్య వచ్చి యోహాను కుడి భుజం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "ఇంకా అదురుతందిరా, దిగండి" అనేవాడు. అప్పుడు గానీ ఎవరూ తాడు పట్టుకునేవారు కాదు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జబ్బు బతికున్నదని తేల్చి, ఆ ధైర్యంతో పని మొదలుపెడుతున్నారు.

కానీ కోటయ్యకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. కండ మొత్తం కరిగిపోయాక అదరడానికి ఏమీ మిగలదు. వెళ్లిన ప్రతిసారీ భుజం ఎముక ఇంకాస్త పైకి తేలేది, అదురు ఇంకాస్త తగ్గేది. ఏ మందు వాడితే అదురు ఆగుతుందా అని దేశదేశాల వాళ్లు పరిశోధిస్తుంటే, ఆ అదురు ఇంకొన్నాళ్లు ఆగకుంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్న నరాల డాక్టరును బహుశా నేనొక్కణ్ణే. మొక్కింది కూడా యోహాను దేవుడికా, మా దేవుడికా అని చూసుకోలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం నేను బస్సు దిగి చేనుకు వెళ్లేసరికి అందరూ తాడు దగ్గర నిలబడి ఉన్నారు. కోటయ్య చెయ్యి యోహాను భుజం మీదే ఉంది. ఎంతసేపటికీ తియ్యడం లేదు. ఒకసారి చెయ్యి మార్చి చూశాడు. తర్వాత నా వంక తిరిగాడు. మరియమ్మ కూడా నా వంకే చూసింది. యోహాను మాత్రం ఎవరి వంకా చూడలేదు.

వైద్యంలో ఒక చిన్న ఉపాయం ఉంది. అదురు కనిపించనప్పుడు కండ మీద సుత్తితో మెల్లగా తడితే, కాస్త కండ మిగిలి ఉన్నంతవరకు అది లేస్తుంది. విద్యార్థులకు చూపించడానికి చేస్తాం, అంతకుమించి దాని వల్ల ప్రయోజనం లేదు. నేను సంచిలోంచి సుత్తి తీశాను. ఎండకు అడ్డుగా నిలబడిన వాళ్లను జరగమన్నాను. భుజం కదలకుండా ఉంది. ఒకసారి తట్టాను, ఏమీ లేదు. ఇంకొంచెం వెనక్కి, మిగిలిన పీలిక లాంటి కండ మీద తట్టాను. చర్మం కింద సన్నగా కదిలింది. కోటయ్య గబుక్కున చెయ్యి పెట్టాడు.

"ఉందిరా. దిగండి."

సుత్తితో నేను ఉద్యోగమంతా వేలమంది మోకాళ్లు కొట్టాను. అది ఒక మనిషికి నిజంగా పనికొచ్చింది ఆ పూటే. పెద్ద డాక్టరు గారికి ఈ సంగతి చెబితే, దీన్ని వైద్యం అనరని అన్నాడు. నశ్యం డబ్బీ మాత్రం నా వైపు జరిపాడు, అది ఆయన అంతకుముందెప్పుడూ ఎవరికీ జరపలేదు.

మొదటి చెంబు

కబురు తెచ్చింది బస్సు కండక్టరు. ఆసుపత్రి గేటు దగ్గర నన్ను పట్టుకుని, "మీ చెంబు పిలుస్తంది" అన్నాడు. మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను.

ఊరంతా గట్టు మీదే ఉంది. బావి అడుగున, ఆఖరి తూటాకు పగిలిన నెర్రెలోంచి వచ్చిన నీళ్లు, బురదగా, మనిషి నడుము లోతు. యోహానును మంచంతో సహా అంచు దగ్గరికి తెచ్చారు. మనిషి అంటే ఎముకలూ కళ్లూ. ఆ నీళ్లు మొదట తాగాల్సింది న్యాయంగా ఆయన. కానీ అప్పటికే పల్చటి నీళ్లు ఆయన గొంతు దిగడం లేదు, పొలమారి ఊపిరి అందేది కాదు. పట్టకూడదని, జావ మాత్రమే పోయమని చెప్పింది నేనే. బావి తవ్వించిన మనిషికి బావినీళ్లు వద్దని రాసిన ఘనత నాది.

కోటయ్య ఇత్తడి చెంబు నా చేతికిచ్చాడు. రంగు చూస్తే టీ లాగా ఉంది. పల్లెల్లో కాచని నీళ్లు ముట్టుకోవద్దని నా విద్యార్థులకు గంటలకొద్దీ చెప్పినవాణ్ణి. అందరూ నా గొంతు వంకే చూస్తున్నారు. కళ్లు మూసుకుని మొత్తం తాగేశాను. రాతిపొడి, తూటా మందు వాసన, ఇంకా ఏమేమిటో. ఆ నీళ్లకు నా చేతులేమీ ఎండిపోలేదు గానీ, గుంటూరు తిరిగొచ్చాక వారం రోజులు మంచం దిగలేదు. మంచం దిగిందల్లా ఎక్కడికో చెప్పక్కర్లేదు.

యోహాను ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎట్టున్నయ్యని అడుగుతున్నాడని మరియమ్మ చెప్పింది.

"తియ్యగున్నాయి" అన్నాను.

ఉప్పు తగల్లేదు, అది నిజం. బురద తేరుకున్నాక నిజంగానే తియ్యటి నీళ్లయ్యాయని తర్వాత విన్నాను. ఆ క్షణంలో మాత్రం అవి సముద్రం నీళ్లయినా అదే మాట చెప్పేవాణ్ణి. మరియమ్మ చెంబు అడుగున మిగిలిన తడిలో వేలు ముంచి ఆయన పెదవుల మీద రాసింది. ఆయన ఆ తడి నాలుకతో తుడుచుకుని చాలాసేపు చప్పరించాడు.

జనం బావిలోకి తొంగి చూడటానికి వెళ్లారు. నేను మంచం కోడు పక్కన కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కుడి భుజం వంక చూశాను. వెలుతురు ఏటవాలుగా పడుతోంది. ఎంతసేపు చూసినా కదలిక లేదు. సుత్తి తియ్యాలనిపించలేదు. నీళ్లు పడ్డాయి కాబట్టి మరియమ్మకు నేనిచ్చిన మాట తీరిపోయింది. ఆవిడ నా వంక చూసి, ఇక చెప్పండన్నట్టు తల ఊపింది.

"యోహానూ, నీ భుజం సంగతి..." అని మొదలుపెట్టాను.

ఆయన నన్ను ఆగమన్నట్టు కళ్లార్పి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ ఏదో చెప్పాడు. మరియమ్మ వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టి విన్నది. లేచి నాతో చెప్పేటప్పుడు ఆవిడ నవ్వుతోంది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"ఆగిపోయిందంట. ఆయనకు తెలుసంట. నీళ్లు పడ్డయ్యిగా, ఇంక దానికేం పని అంటన్నాడు."